బరువు లేనివాళ్ళ వ్యూహం: కార్లైల్ బడి ఫుట్‌బాల్ చరిత్ర

ఫుట్‌బాల్ అంటే మనకు కాలితో తన్నే ఆట. అమెరికావాళ్ళకు మాత్రం అదే పేరుతో ఇంకో ఆట ఉంది. అందులో కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, ఎదుటివాళ్ళు మీద పడి కింద పడేస్తారు. టీవీలో మొదటిసారి చూసినవాళ్ళకు అదొక తోపులాటలాగే కనిపిస్తుంది. కానీ ఆ తోపులాటలో ప్రతి ఒక్కరికీ ముందే రాసిపెట్టిన పని ఉంటుంది. ఆ పనులు అలా పంచుకోవడం ఎలా మొదలైంది అని వెతికితే, దారి ఒక బడి దగ్గరికి వెళ్తుంది. ఆ బడి కథ తెలుగు మాధ్యమంలో చదివే మనం తప్పకుండా తెలుసుకోవాల్సింది. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందు ఆట సంగతి కొంచెం. జట్టుకు 11 మంది. రెండు జట్లూ ఒక గీతకు అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడతాయి. బంతి ఉన్న జట్టులో గీత మీద ఏడుగురు, వాళ్ళ వెనక నలుగురు. మధ్యలో నిలబడ్డవాడు బంతిని తన కాళ్ళ సందులోంచి వెనక్కి పంపగానే ఆట మొదలవుతుంది. కొన్ని ప్రయత్నాల్లో ఇన్ని గజాలు ముందుకు వెళ్ళాలని లెక్క. వెళ్ళలేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. బంతి పట్టుకుని పరుగెత్తేది ఒక్కడే. మిగతా పదిమంది పని అతనికి దారి చేయడం, అంటే తమకు అప్పగించిన మనిషిని ఒంటితో అడ్డుకోవడం. దీన్ని బ్లాకింగ్ అంటారు. చేతులతో పట్టి లాగకూడదు, తోయాలి.

రక్షణ చేసే జట్టుకూ పంపకాలు ఉంటాయి. మన కబడ్డీలో కార్నర్‌లో ఉన్నవాడు కూతకొచ్చినవాడి కాలు చూస్తాడు, కవర్‌లో ఉన్నవాడు అతను తిరిగి పారిపోకుండా దారి మూస్తాడు. కార్నర్ తొందరపడి తన చోటు వదిలి ముందుకొస్తే కూతగాడు ఆ సందులోంచే జారిపోతాడు. అమెరికా ఆటలోనూ అంతే. గీత మీద మనిషికీ మనిషికీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది, ఒక్కో ఖాళీకి ఒక్కరు కాపలా. చెరువు గట్టుకు ఎక్కడ గండి పడితే నీళ్ళు అక్కడి నుంచే పోతాయి కదా, బంతి కూడా అంతే.

1880లలో, 90లలో ఈ ఆట ఇంత తెలివిగా ఉండేది కాదు. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు వెళ్తే చాలు. బంతిని చేత్తో ముందుకు విసరడానికి నియమం ఒప్పుకునేది కాదు. ఐదు గజాల కోసం ఎవరు పరుగెత్తుతారు? అందరూ ఒక ముద్దగా కలిసి, బంతి పట్టుకున్నవాణ్ణి సొంత జట్టువాళ్ళే వెనక నుంచి తోస్తూ ఎదుటివాళ్ళ మీద పడేవాళ్ళు. 1892లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం యేల్ మీద ఒక కొత్త పథకం వేసింది. ఆటగాళ్ళు రెండు గుంపులుగా దూరం నుంచి పరుగెత్తుకొచ్చి కలిసి, బాణం మొనలాగా మారి, యేల్ జట్టులో ఒక్క మనిషి మీదికి దూసుకుపోయారు. భారతంలో సూచీవ్యూహం గురించి విన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. దాన్ని కనిపెట్టిన లోరిన్ డిలాండ్ ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు, చదరంగం పిచ్చివాడు. ఎముకలు విరుగుతున్నాయని రెండేళ్ళలోనే ఆ వ్యూహాన్ని నిషేధించారు. ముద్దగా తోసుకునే ఆట మాత్రం పోలేదు. అలాంటి ఆటలో గెలిచేదెవరు? ఎక్కువ బరువున్నవాళ్ళు, ఎక్కువమంది మారు ఆటగాళ్ళున్నవాళ్ళు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, పెన్సిల్వేనియా లాంటి పెద్ద విశ్వవిద్యాలయాలు.

ఇప్పుడు బడి దగ్గరికి వద్దాం. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఊళ్ళో, పాత సైనిక శిబిరంలో, అమెరికా ఆదివాసీ పిల్లల కోసం ఒక ఆశ్రమ పాఠశాల పెట్టాడు. వాళ్ళను ఇండియన్లు అనేవాళ్ళు. కొలంబస్ చేసిన పొరపాటు వల్ల మన పేరు వాళ్ళకూ అంటుకుంది. ఎక్కడో వేల మైళ్ళ దూరంలో ఉన్న పిల్లల్ని రైలెక్కించి తెచ్చేవాళ్ళు. రాగానే జుట్టు కత్తిరించేవాళ్ళు. బల్ల మీద ఇంగ్లీషు పేర్లు రాసి, ఒక కర్ర చేతికిచ్చి, ఏదో ఒక పేరు చూపించమనేవాళ్ళు. పిల్లవాడు దేన్ని తాకితే అదే ఆ రోజు నుంచి అతని పేరు. లూథర్ స్టాండింగ్ బేర్ అనే విద్యార్థి పెద్దయ్యాక ఈ సంగతి తన పుస్తకంలో రాశాడు. సొంత భాష మాట్లాడితే శిక్ష. పిల్లల్లోని ఆదివాసీతనాన్ని తీసేసి మనిషిని మాత్రం మిగల్చాలన్నది ప్రాట్ ఆలోచన. అతను దాన్ని దయ అనుకున్నాడు. చరిత్రలో చాలా చెడ్డ పనులు దయ పేరుతోనే జరిగాయని నాకనిపిస్తుంది.

మన దేశంలో రాజ్యాంగం 30వ అధికరణం భాషా మైనారిటీలకు సొంత బడులు పెట్టుకునే హక్కు ఇచ్చింది కాబట్టి, చుట్టూ వేరే భాష ఉన్నా మనం తెలుగులో ఈ పత్రికకు రాస్తున్నాం. కార్లైల్ పిల్లలకు అలాంటి అధికరణం ఏదీ లేదు.

బడిలో ఫుట్‌బాల్ మొదలైన కొత్తలోనే ఒక కుర్రాడి కాలు విరిగింది. ప్రాట్ బయటి జట్లతో ఆడటం ఆపేశాడు. కొన్నాళ్ళకు విద్యార్థులే గుంపుగా అతని గదికి వచ్చి, మళ్ళీ ఆడనివ్వమని అడిగారు. ప్రాట్ రెండు షరతులు పెట్టాడు. ఒకటి, ఎదుటివాళ్ళు కొట్టినా మీరు తిరిగి కొట్టకూడదు, కొడితే ఆదివాసీలు అడవి మనుషులన్న మాట నిజమని జనం అనుకుంటారు. రెండు, కొన్నేళ్ళలో దేశంలోకెల్లా పెద్ద జట్టును ఓడించాలి. పిల్లలు రెండిటికీ సరేనన్నారు.

మొదటి షరతును కాస్త ఆగి చూడండి. ఒంటితో ఒళ్ళు గుద్దుకునే ఆటలో ఒక జట్టు మాత్రం తిరగబడకూడదు. అంటే వాళ్ళు గెలవాలంటే కోపంతో కాకుండా వేరే దేనితోనైనా గెలవాలి. రెండో షరతు అంతకంటే కష్టం. వీళ్ళు సన్నటి పిల్లలు, మారు ఆటగాళ్ళు తక్కువ, పెద్ద పోటీలన్నీ పరాయి మైదానాల్లోనే. 1896లో యేల్‌తో ఆడినప్పుడు 12-6తో ఓడిపోయారు. ఆ ఆటలో కార్లైల్ కుర్రాడు బంతితో గీత దాటాక కూడా న్యాయనిర్ణేత ఈల ఊది దాన్ని చెల్లదన్నాడు. ఆ న్యాయనిర్ణేత యేల్ పాత విద్యార్థి. అంతకన్నా విచిత్రం, ఆ ఏడు కార్లైల్‌కు శిక్షకుడూ అతనే. చూడ్డానికొచ్చిన జనం కూడా కార్లైల్ పక్షాన అరిచారట.

1899లో గ్లెన్ వార్నర్ అనే శిక్షకుడు వచ్చాడు. అందరూ పాప్ వార్నర్ అని పిలిచేవాళ్ళు. ఇతను నియమాల పుస్తకం చదివి, అందులో ఏది రాసి లేదో వెతికే రకం. 1903 అక్టోబరు 31న హార్వర్డ్‌తో ఆట. రెండో సగం మొదట్లో హార్వర్డ్ బంతిని తన్నింది. జిమ్మీ జాన్సన్ దాన్ని పట్టుకున్నాడు. కార్లైల్ ఆటగాళ్ళంతా అతని చుట్టూ గుమిగూడారు. ఆ గుంపులో జాన్సన్ బంతిని చార్లీ డిలన్ చొక్కాలోకి, వీపు మీదికి తోసేశాడు. చొక్కా అడుగున ముందే ఎలాస్టిక్ కుట్టించి పెట్టారు. తర్వాత అందరూ ఒక్కసారిగా చెదిరారు, ప్రతి ఒక్కడూ బంతి తన దగ్గరే ఉన్నట్టు తోలు టోపీని పొట్టకు హత్తుకుని. డిలన్ మాత్రం రెండు చేతులూ ఊపుకుంటూ తిన్నగా పరుగెత్తాడు. హార్వర్డ్‌వాళ్ళు టోపీలు పట్టుకున్నవాళ్ళ వెంట పడ్డారు. చేతులు ఖాళీగా ఉన్నవాణ్ణి ఎవరు ఆపుతారు? మైదానం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా డిలన్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

దీన్ని అందరూ కొంటె పని అని చెప్పుకుంటారు. ఆటలో మోసమేమిటని అప్పట్లో కొందరు కోప్పడ్డారు కూడా. నిజానికి ఆ పనిని నిషేధించే నియమం అప్పటికి లేదు, అంతకుముందు వేరే జట్లూ దాన్ని వాడాయి. రక్షణ వైపు నుంచి చూస్తే ఇందులో ఒక పాఠం ఉంది. డిలన్ గీత మీద ఆడే గార్డు, అంటే బంతి ఎప్పుడూ ముట్టని మనిషి. అలాంటివాడు మీదికి వస్తుంటే అడ్డుకోవడానికి వస్తున్నాడని అనుకుని పక్కకు తప్పుకుంటారు. హార్వర్డ్ ఆటగాళ్ళు తమకు నేర్పింది సరిగ్గానే చేశారు. అది సరిగ్గా చేస్తారని కార్లైల్‌కు తెలుసు. అలా 11-0 ఆధిక్యం వచ్చింది. ఆ తర్వాత హార్వర్డ్ బరువు పనిచేసింది. చివరికి 12-11తో హార్వర్డే గెలిచింది. ఒక్క పాయింటు.

1905 నాటికి ఆట మరీ ప్రమాదకరమైపోయింది. ఆ ఒక్క ఏడాదే సుమారు 18 మంది ఆటగాళ్ళు చనిపోయారని పత్రికలు లెక్క వేశాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. 1906లో నియమాలు మారాయి. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు కాదు, పది వెళ్ళాలన్నారు. బంతిని ముందుకు విసరొచ్చన్నారు. కానీ విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేల మీద పడితే అది ఎదుటి జట్టుదే. అంత నష్టమెందుకని చాలా పెద్ద జట్లు విసరడం జోలికే పోలేదు. బరువుతో గెలుస్తున్నవాడికి కొత్త దారి వెతికే అవసరం ఏముంది?

కార్లైల్‌కు ఆ అవసరం ఉంది. 1907లో వాళ్ళు బంతిని గిరగిరా తిప్పుతూ విసరడం బాగా సాధన చేసి ఫిలడెల్ఫియా వెళ్ళారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంతో ఆట. పీట్ హౌజర్ విసిరిన బంతి దాదాపు 40 గజాలు గాలిలో వెళ్ళి పరుగెత్తుతున్న విలియం గార్డ్‌నర్ చేతుల్లో పడింది. జనం అలాంటిది అంతవరకూ చూడలేదు. విసురుతారనుకుంటే పరుగెత్తారు, పరుగెత్తుతారనుకుంటే విసిరారు. 26-6తో కార్లైల్ గెలిచింది. అదే ఏడు హార్వర్డ్‌ను కూడా మొదటిసారి 23-15తో ఓడించింది. ప్రాట్ రెండో షరతు అలా తీరింది, కాకపోతే ప్రాట్ అప్పటికే మూడేళ్ళ కిందట పదవి పోయి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాదే షికాగో విశ్వవిద్యాలయంతో జరిగిన ఆట నాకు అన్నిటికంటే నచ్చింది. షికాగో శిక్షకుడు అమోస్ అలోంజో స్టాగ్ చాలా తెలివైనవాడు. కార్లైల్ బలం విసరడంలో ఉంది కాబట్టి, బంతి అందుకోవడానికి పరుగెత్తే చివరి ఆటగాళ్ళను మొదట్లోనే పడేయమని తనవాళ్ళకు చెప్పాడు. బంతిని కాపలా కాయక్కర్లేదు, అందుకునే మనిషిని కాపలా కాస్తే చాలు. ఇది పనిచేసింది. ఆల్బర్ట్ ఎక్సెండైన్ లేచిన ప్రతిసారీ పడేశారు. అప్పుడతను ఏం చేశాడంటే, పరుగెత్తుతూ మైదానం గీత దాటి బయటికి పోయాడు. పని అయిపోయిందనుకుని కాపలావాళ్ళు వదిలేశారు. అతను షికాగోవాళ్ళు కూర్చున్న బల్లల వెనక నుంచి చుట్టూ తిరిగి, ముందుకెళ్ళి మళ్ళీ మైదానంలోకి వచ్చాడు. హౌజర్ అంతసేపూ దొరక్కుండా తప్పించుకుంటూ ఉండి, బంతిని అతనికి విసిరాడు. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. కార్లైల్ 18, షికాగో 4. ఇలా బయటికెళ్ళి వచ్చి బంతి అందుకోవడం తర్వాత నిషేధించారు. కార్లైల్ ఆడిన తర్వాతే చాలా నియమాలు పుట్టాయి అనుకుంటే తప్పులేదేమో.

అయితే ఆట మీద శాశ్వతంగా నిలిచిపోయింది ఈ చమక్కులు కాదు, సింగిల్ వింగ్ అనే అమరిక. వార్నర్ దీన్ని కార్లైల్ పిల్లలతోనే తయారుచేశాడు. గీత మీద మధ్యవాడికి అటు ముగ్గురు ఇటు ముగ్గురు కాకుండా, ఒక వైపు నలుగురు, రెండో వైపు ఇద్దరు. బలమున్న వైపు చివరివాడి పక్కన, కాస్త వెనగ్గా, రెక్కలాగా ఇంకొకడు. వింగ్ అన్న పేరు అందుకే. బంతి నేరుగా కొన్ని గజాల వెనక ఉన్న పరుగుగాడికి వస్తుంది.

ఈ పద్ధతిలో బాగా పేరుపడ్డ ఒక పథకం చెబుతాను. ఎదుటి గీతలో బలమైన ఒకడున్నాడు, అతను టాకిల్ అనుకుందాం. అతని మీదికి ఒక్కణ్ణి పంపితే మనవాడు సన్నటివాడు, ఓడిపోతాడు. కాబట్టి గీత చివరివాడు, రెక్కవాడు ఇద్దరూ కలిసి అతణ్ణి లోపలి వైపుకు పక్కవాటుగా తోస్తారు. అతని పక్కన బయట ఉన్న కాపలావాణ్ణి, వెనక నుంచి వచ్చిన మనవాడొకడు బయటి వైపుకు తోస్తాడు. ఒకడు లోపలికి, ఒకడు బయటికి, మధ్యలో గండి పడింది. ఇప్పుడు గార్డు తన ఎదురుగా ఉన్నవాణ్ణి వదిలేసి, గీత వెనకగా అడ్డంగా పరుగెత్తి, ఆ గండిలోంచి ముందుగా దూరి, రెండో వరసలో గండి పూడ్చడానికి వస్తున్నవాణ్ణి కొడతాడు. అతని వెనకే పరుగుగాడు. ఎక్కడా ఒకడికి ఒకడు ఎదురెదురుగా బలం చూసుకోలేదు. అంతా కోణం, సమయం. గార్డు రెండడుగులు ఆలస్యమైతే మొత్తం పాడు.

మరి వదిలేసిన ఆ ఎదుటివాడి మాటేమిటి? అతను అటు పరుగెత్తుకుంటూ వచ్చేలోపు ఆట గండి దాటిపోయి ఉంటుంది. నాలుగైదుసార్లు ఇలా జరిగితే అతనికి తొందర పుడుతుంది, బంతి కదలగానే బలమున్న వైపుకు పరుగు మొదలుపెడతాడు. సరిగ్గా అప్పుడు రివర్స్ వేస్తారు. అందరూ కుడికి వెళ్తున్నట్టే వెళ్తారు, పరుగుగాడు మధ్యలో బంతిని రెక్కవాడి చేతిలో పెడతాడు, అతను ఎడమకు పోతాడు. ఎడమ చివర కాపలా ఉండాల్సినవాడు కుడి వైపు ఉన్నాడు. అందుకే ఈనాటికీ రక్షణలో మొదటి పాఠం ఇదే: ఆట అటు పోతున్నా నీ ఇంటి తలుపు వదిలి వెళ్ళకు.

1911లో హార్వర్డ్‌ను మళ్ళీ 18-15తో ఓడించారు. ఓక్లహోమాకు చెందిన జిమ్ థోర్ప్ కాళ్ళకు కట్లతో ఆడి, బంతిని నాలుగుసార్లు గోల్ స్తంభాల మధ్యకు తన్నాడు. హార్వర్డ్ మొదట తన రెండో జట్టునే దింపింది, ఆదివాసీలకు అది చాలనుకున్నారు.

1912 నవంబరు 9న వెస్ట్ పాయింట్‌లో అమెరికా సైనిక కళాశాల జట్టుతో ఆట. ఊండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా ఆదివాసీలను, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా, చంపి అప్పటికి 22 ఏళ్ళే అయింది. ఆ ఆటకు ముందు వార్నర్ పెద్దగా ఉపన్యాసం ఇవ్వలేదని, మీ తండ్రులూ తాతలూ ఎవరితో పోరాడారో గుర్తుచేసుకోమని మాత్రం అన్నాడని చెబుతారు. రెండు వైపులా రెక్కలున్న కొత్త అమరికతో కార్లైల్ దిగింది. బరువైన సైనిక జట్టు మధ్యలో గట్టిగా నిలబడింది, బంతి మాత్రం చివరల నుంచి పోయింది. గస్ వెల్చ్ ఆట నడిపించాడు. అలెక్స్ ఆర్కాసా మూడుసార్లు గీత దాటాడు. సైనిక జట్టు నాయకుడు కోపం పట్టలేక కార్లైల్ ఆటగాణ్ణి కొట్టి, మైదానం నుంచి పంపేయించుకున్నాడు. థోర్ప్‌ను ఇద్దరు కలిసి ఒకేసారి కొట్టి బయటికి పంపాలని చూశారు. వాళ్ళలో ఒకడు డ్వైట్ ఐజన్‌హోవర్, తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో సేనాధిపతి, ఆ తర్వాత దేశాధ్యక్షుడు. ఆఖరి క్షణంలో థోర్ప్ ఆగిపోయేసరికి ఆ ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకున్నారని చెప్పుకుంటారు. కార్లైల్ 27, సైన్యం 6.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ. కానీ చరిత్ర అక్కడ ఆగలేదు. ఆటల డబ్బు లక్షణంగా వచ్చేది, ఆడినవాళ్ళకు దక్కింది తక్కువ. 1912లోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో థోర్ప్ గెలిచిన రెండు బంగారు పతకాలను, అంతకుముందు చిన్న మొత్తానికి బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో, 1913లో వెనక్కి తీసుకున్నారు. తనకు అదేమీ తెలియదని వార్నర్ అన్నాడు. నాకైతే నమ్మబుద్ధి కాదు. 2022లోగాని థోర్ప్‌ను ఆ రెండు పోటీలకూ ఏకైక విజేతగా మళ్ళీ ప్రకటించలేదు. అప్పటికి అతను చనిపోయి 69 ఏళ్ళు.

గస్ వెల్చ్ బడి పరిస్థితి మీద విచారణ జరపమని ఒక అర్జీ రాసి, రెండు వందల మందికి పైగా విద్యార్థుల చేత సంతకాలు పెట్టించాడు. 1914లో కాంగ్రెస్ సభ్యులు వచ్చి విచారించారు. తిండి చాలడం లేదని, పిల్లల్ని కొడుతున్నారని, ఆటల డబ్బుకు సరైన లెక్క లేదని బయటపడింది. వార్నర్ వెళ్ళిపోయాడు. 1912లో కార్లైల్‌లో ఉండగానే వార్నర్ ఫుట్‌బాల్ మీద పుస్తకం రాశాడు, తర్వాత పెద్ద విశ్వవిద్యాలయాల్లో పేరు తెచ్చుకున్నాడు. సింగిల్ వింగ్ అంటే ఈనాటికీ అతని పేరే చెబుతారు. బొమ్మ గీసింది అతనే, కాదనను. కానీ కాగితం మీది గీతకు సరైన క్షణంలో పరుగెత్తి చూపించింది ఎవరు? ఎక్సెండైన్ బల్లల వెనక నుంచి తిరిగొచ్చినప్పుడు, హౌజర్ అంతసేపు బంతి పట్టుకుని ఆగడం ఏ కాగితం మీదిది? ఆ పిల్లల్లో ఎక్సెండైన్, వెల్చ్ ఇద్దరూ తర్వాత లా చదివారు, కళాశాల జట్లకు శిక్షకులయ్యారు. తెలివి ఎవరిదో దీన్నిబట్టి కూడా కొంత తెలుస్తుంది.

1918లో బడి మూసేసి సైనిక ఆసుపత్రి చేశారు. ఇప్పుడు అదే స్థలంలో అమెరికా సైన్యం తన పెద్ద అధికారులకు యుద్ధ వ్యూహాలు నేర్పే కళాశాల ఉంది. దాని ఆవరణలో ఒక చిన్న శ్మశానం ఉంది. ఇంటికి తిరిగి వెళ్ళకుండానే జబ్బులతో చనిపోయిన పిల్లల సమాధులు అక్కడ 180కి దగ్గరగా ఉండేవి. 2017 నుంచి వాళ్ళ తెగలవాళ్ళు అడిగి, ఒక్కొక్కరి ఎముకల్ని వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు తీసుకుపోతున్నారు. కొన్ని రాళ్ళ మీద బడి ఇచ్చిన పేరే ఉంది, కొన్నిటి మీద అసలు పేరే లేదు.